ఈ-సైకిల్ బ్యాటరీకి లాగితే ఊడే కనెక్టర్: ఎంపిక, బిగింపు, పరీక్ష

హబ్ మోటారు (చక్రం మధ్యలో ఉండే మోటారు) కిట్ బిగించిన సైకిళ్లలో చాలావాటికి బ్యాటరీ వెనక క్యారియర్ మీద సంచిలోనే ఉంటుంది. విజయవాడ బెంజ్ సర్కిల్ రద్దీలో పక్క బండి హ్యాండిల్‌కి వైరు చిక్కుకున్నా, గుంతలో పడి సంచి జారినా, ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి తెగి తీరుతుంది. ఏది తెగాలో మనం ముందే తేల్చకపోతే, అన్నిటికంటే బలహీనమైన చోటు తనే తేల్చుకుంటుంది. సాధారణంగా అది ప్యాక్ లోపల బీఎంఎస్ (సెల్స్‌ని కాపాడే ఎలక్ట్రానిక్) బోర్డు మీది టంకం. అక్కడ తెగితే ఊడిన వైరు వెళ్లి సెల్స్ మీద పడి షార్ట్ చేయొచ్చు. ఫ్యూజ్ దాని తర్వాత ఉంటుంది కాబట్టి కాపాడదు. లాగితే ఊడే కనెక్టర్ అంటే, తెగే చోటును మనమే బయట, చేతికందే దగ్గర పెట్టుకోవడం.

మీకు అసలు ఇది కావాలా?

బ్యాటరీ ఫ్రేముకి తాళంతో బిగిసి ఉంటే అక్కర్లేదు. కదలని బ్యాటరీకి ఊడే కనెక్టర్ పెడితే గతుకుల్లో పవర్ పోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. అక్కడ లాక్ ఉన్న కనెక్టరే మేలు. సంచిలో, పాల క్రేటులో, వెనక లాగే ట్రాలీలో, వీపున తగిలించుకునే బ్యాగులో బ్యాటరీ ఉన్నవాళ్లకు మాత్రం కావాలి. వీపు బ్యాగు అయితే తప్పనిసరి. పడ్డప్పుడు మనిషి ఒకవైపు, సైకిలు ఒకవైపు వెళతాయి. వైరు పట్టి లాగకూడదు.

ఒక మినహాయింపు. గేర్లు లేని డైరెక్ట్ డ్రైవ్ మోటారు ఉండి, బ్రేకు పట్టినప్పుడు బ్యాటరీకి కరెంటు తిరిగి పంపే రీజెన్ ఆన్‌లో ఉంటే, సరిగ్గా ఆ క్షణంలో కనెక్టర్ ఊడితే ఆ కరెంటుకు పోవడానికి చోటుండదు. మోటారుకు కరెంటు సరఫరా చేసే కంట్రోలర్‌లో వోల్టేజీ ఎగబాకుతుంది. 48 వోల్టుల కంట్రోలర్లలో 63 వోల్టుల కెపాసిటర్లే ఎక్కువగా కనిపిస్తాయి, నిండా ఛార్జైన ప్యాక్ ఎటూ 54.6 దగ్గర ఉంటుంది. మధ్యలో ఉన్న ఖాళీ చాలా తక్కువ, మాస్‌ఫెట్లు (కంట్రోలర్‌లో కరెంటును ఆన్, ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్లు) పోతాయి. రీజెన్‌ని ఆపేయండి, లేదా ఊడే కనెక్టర్ ఆలోచన మానుకోండి. గేర్లున్న హబ్ మోటార్లలో, చక్రం తిరిగినా మోటారును తిప్పనివ్వని ఫ్రీవీల్ క్లచ్ ఉంటుంది కాబట్టి ఈ బెడద లేదు.

కరెంటు లెక్క

మోటారు మీద రాసిన వాట్లు చూసి కనెక్టర్ కొనొద్దు. 250 వాట్ల మోటారు, 36 వోల్టులు అంటే భాగిస్తే 7 ఆంపియర్లు వస్తుంది. కానీ కంట్రోలర్ స్టిక్కర్ మీద 14 ఆంపియర్లో 15 ఆంపియర్లో ఉంటుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు వైరులో పారేది అదే. 48 వోల్టుల 500 వాట్ల కిట్‌కి 20 నుంచి 25, వెయ్యి వాట్ల కిట్‌కి 26 నుంచి 30 ఆంపియర్లు మామూలు. స్టిక్కర్ మీది గరిష్ఠ కరెంటు తీసుకుని, దానికి కనీసం ఒకటిన్నర రెట్లు నిలకడగా మోసే కనెక్టర్ ఎంచుకోండి. మే నెలలో మన ఊళ్లో నీడలోనే 45 డిగ్రీలు తాకే రోజులుంటాయి, నల్ల సంచి లోపల ఇంకా ఎక్కువ. డేటాషీట్ అంకెలు చల్లటి గదిలో తీసినవి.

వోల్టేజీ కూడా నిండా ఛార్జైనప్పటిది చూడాలి. లిథియం అయాన్‌లో 36 అన్నది 42, 48 అన్నది 54.6, 52 అన్నది 58.8. ఇది కనెక్టర్ కంటే ఫ్యూజ్ దగ్గర ముఖ్యం, ఆ సంగతి కింద చెప్తాం.

ఏ రకం?

ముందు ఎక్స్‌టీ60 సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అందరి చేతిలో ఉండేది అదే. పసుపు రంగు నైలాన్ ఒళ్లు, 3.5 మిల్లీమీటర్ల బుల్లెట్ పిన్నులు. పేరులో 60 ఉన్నా అది కాసేపు ఓర్చే కరెంటు, నిలకడగా మోసేది 30 ఆంపియర్లు. ఎక్స్‌టీ90కి అలాగే 45. కనెక్టర్‌గా మంచిదే. కానీ లాగితే ఊడేదిగా పనికిరాదు. కొత్తలో రెండు చేతులతో అటూ ఇటూ ఊపి పీకాల్సినంత బిగువు ఉంటుంది, వందసార్లు తీసి పెట్టాక పిన్ను చీలికలు నొక్కుకుపోయి వదులవుతుంది. ఎంత బలానికి ఊడుతుందో ఇవాళ్టికీ ఆర్నెల్ల తర్వాతకీ పొంతన ఉండదు. వదులైతే వేడెక్కుతుంది కూడా. ఎక్స్‌టీ90లో స్పార్క్ రాని రకం ఒకటుంది. పచ్చ రింగుతో వస్తుంది, లోపల 5.6 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. దాన్ని బిగించి ఉంచే చోట వాడండి.

జీఎక్స్16 లాంటి మర తిప్పి బిగించేవి, గొళ్లెం ఉన్నవి అసలు ఈ లెక్కలోకి రావు. అవి ఊడకుండా ఉండటానికే పుట్టాయి.

అయస్కాంతపు కనెక్టర్లు వినడానికి చాలా బాగుంటాయి. యూరప్ ఈ-బైకుల్లో రోజెన్‌బెర్గర్ వాళ్ల అయస్కాంతపు ప్లగ్గు వాడినవి ఉన్నాయి. పక్కకి లాగినా ఊడుతుంది, అది దాని గొప్ప. అయితే ఆన్‌లైన్‌లో దొరికే చవక అయస్కాంతపు కనెక్టర్లు చాలావరకు ఛార్జింగుకు సరిపడా రెండు, మూడు ఆంపియర్లవే, మోటారు లైనులో పెట్టొద్దు. ఇంకో చిక్కు. జవహర్ ఆటోనగర్‌లో ఏ వర్క్‌షాపు ముందైనా సైకిలు ఆపి ఆ ప్లగ్గును నేల మీద పడేసి తీయండి. గ్రైండింగ్ పొడి, లేతు చీలికలు గెడ్డంలా అంటుకుని వస్తాయి. ఆ ఇనుప పొడి ప్లస్, మైనస్ పిన్నుల మధ్య వంతెన కడితే కలిపిన వెంటనే మెరుపే. పెట్టే ప్రతిసారీ తుడిచే ఓపిక ఉన్నవాళ్లకే అది.

మిగిలింది, మేం సిఫారసు చేసేది, ఆండర్సన్ పవర్‌పోల్. పిన్నులు కాకుండా రెండు బల్లపరుపు రాగి నాలుకలు ఒకదాని మీద ఒకటి జారి, కింద స్టీలు స్ప్రింగు ఒత్తిడితో అతుక్కుంటాయి. గొళ్లెం లేదు. బిగువు స్ప్రింగు నుంచి వస్తుంది కాబట్టి ఊడే బలం ఏళ్ల తరబడి పెద్దగా మారదు. మేల్, ఫీమేల్ తేడా లేదు, రెండు వైపులా ఒకే భాగం. ఇంకో సుగుణం, కలిపేటప్పుడు స్పార్క్ నాలుక కొసన పడుతుంది, పూర్తిగా కూర్చున్నాక కరెంటు పారేది వేరే చోట. కొస నల్లబడినా మోసే చోటు శుభ్రంగా ఉంటుంది.

పవర్‌పోల్‌లో పీపీ15, పీపీ30, పీపీ45 మూడింటికీ ప్లాస్టిక్ ఒళ్లు ఒకటే, లోపలి కాంటాక్టే (వైరుకు బిగించే రాగి నాలుక) మారుతుంది. 15 ఆంపియర్లది 16 నుంచి 20 గేజి వైరుకు, 30ది 12 నుంచి 16కు, 45ది 10 నుంచి 14కు (గేజి అంకె తగ్గేకొద్దీ వైరు లావు). 250 వాట్ల సైకిలుకు 30 చాలు. 20 ఆంపియర్లు దాటే కంట్రోలర్‌కు 45 తీసుకుని, 12 గేజి సిలికాన్ వైరు వాడండి. 10 గేజి సిలికాన్ వైరుకు పైతొడుగుతో కలిపి మందం ఐదున్నర మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, ఒళ్లు వెనక రంధ్రం నాలుగున్నరే. తొడుగు లోపలికి దూరక వెనకాల రాగి బయటికి కనిపిస్తుంది.

దీని అన్న ఎస్‌బీ50, ఫోర్క్‌లిఫ్టుల్లో కనిపించే దిమ్మ. ట్రాలీ, కార్గో సైకిలుకు సరే గానీ చేతికి బాగా బిగువుగా తగులుతుంది, సంచి బ్యాటరీకి వద్దు. ఎస్‌బీలో రంగు మారితే ఒకదానికొకటి దూరదు: ఎరుపు 24 వోల్టులకు, బూడిద రంగు 36కు, నీలం 48కి. చిన్న పవర్‌పోల్‌లో ఆ రక్షణ లేదు. ఎరుపు, నలుపు తారుమారుగా జత చేసినా హాయిగా కలిసిపోతాయి. కాబట్టి ఇంట్లో ఉన్న అన్ని ప్యాకులకూ ఒకే అమరిక పెట్టుకోండి.

నకిలీల గురించి ఒక్క మాట. దుకాణంలో కాంటాక్టుకు చిన్న అయస్కాంతం తాకించండి. రాగి అంటుకోదు, పూత పూసిన ఇనుము టక్కున అంటుకుంటుంది. ఇనుముదైతే అక్కడే వదిలేయండి. ఒక వైపు ఒక కంపెనీది, రెండో వైపు ఇంకో కంపెనీది కలపొద్దు.

ఎంత లాగితే ఊడాలి?

సంచి బ్యాటరీకి 2 నుంచి 5 కిలోల మధ్య ఊడితే మంచిదని మా అభిప్రాయం. అంతకంటే తక్కువైతే గతుకులకే ఊడుతుంది, ఎక్కువైతే సైకిలు పడిపోయాక ఊడుతుంది. పవర్‌పోల్ జత సుమారు రెండు మూడు కిలోల దగ్గర ఉంటుంది.

కొలవడం తేలిక. కొక్కెం ఉన్న లగేజీ త్రాసు తీసుకోండి. బ్యాటరీకి కలపకుండా, ఉత్త వైరు ముక్కలకు బిగించిన జతతోనే చేయండి. ఒక చివర తలుపు గడియకు కట్టి, రెండో చివర త్రాసుకు తగిలించి మెల్లగా లాగండి. పదిసార్లు చూడండి. అంకె ఒకసారి రెండు, ఇంకోసారి ఆరు అని గెంతుతుంటే కాంటాక్టు సరిగ్గా కూర్చోలేదు. తర్వాత నలభై ఐదు డిగ్రీల వాలులో లాగండి. పవర్‌పోల్ బలహీనత ఇక్కడ బయటపడుతుంది: నేరుగా లాగితే జారి వచ్చేది, పక్కకి లాగితే మెలిపడి బిగుసుకుంటుంది. కనెక్టర్‌ని ఎటు తిప్పి పెట్టాలో ఈ పరీక్షే చెబుతుంది.

క్రింపింగ్

ప్యాక్ విప్పొద్దు. క్రింపింగ్ అంటే వైరును కాంటాక్టు గొట్టంలో పెట్టి నొక్కి బిగించడం, ఆ పనంతా బయటికి వచ్చిన వైరు మీదే. ఈ మార్పుతో వారంటీ పోవచ్చని తెలిసే మొదలుపెట్టండి. రిజిస్ట్రేషన్ ఉన్న స్కూటర్ల ప్యాకుల మీద అస్సలు వద్దు, ఇది సైకిళ్ల సంగతి.

1. బ్యాటరీ వైపు వైర్లు రెండూ ఒకేసారి కత్తిరించకండి. కటింగ్ ప్లేయర్ నోరే రెండింటినీ షార్ట్ చేస్తుంది. ముందు మైనస్ కత్తిరించి, కొసకు టేపు చుట్టి పక్కన పెట్టి, అప్పుడు ప్లస్.

2. తొడుగు 8 మిల్లీమీటర్లు ఒలవండి. ఒక్క పోగు కూడా తెగకూడదు. ఇళ్లలో వాడే ఏడు పోగుల వైరు ఇక్కడ పనికిరాదు. బిరుసుగా ఉండి కాంటాక్టును ఒక పక్కకి తోస్తుంది, స్ప్రింగు మీద సరిగ్గా కూర్చోనివ్వదు.

3. పవర్‌పోల్ కాంటాక్టుకు సరిపడే క్రింపింగ్ టూలుతో నొక్కండి. మామూలు ప్లేయర్‌తో నొక్కితే గొట్టం చప్పిడిగా అయి ఒళ్లులో దూరదు. టంకం వేస్తే అది వైరు లోపలికి పాకి, అక్కడ వైరు కర్రలా బిగుస్తుంది, కుదుపులకు సరిగ్గా ఆ అంచు దగ్గరే విరుగుతుంది. టూలు లేకపోతే ఆటోనగర్‌లో బ్యాటరీ లగ్గులు నొక్కేవాళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు కాంటాక్టు సైజుకు సరిపడే డై (నొక్కే అచ్చు) ఉందో లేదో ముందు అడగండి.

4. ఒళ్లులోకి తోసే ముందు క్రింపుకు త్రాసు తగిలించి 10 కిలోలు ఒక నిమిషం లాగండి. కొంచెం జారినా కత్తిరించి మళ్లీ చేయండి. కనెక్టర్ ఊడే బలం కంటే క్రింపు బలం ఎన్నో రెట్లు ఉండాలి, లేకపోతే ఈ పనంతా దండగ.

5. కాంటాక్టు వంపు తిరిగిన కొస, ఒళ్లు లోపలి స్ప్రింగు మీదుగా జారేలా తోయండి. టిక్ మని వినపడాలి. వినపడకపోతే కూర్చోనట్టే. కలిపినప్పుడు అది వెనక్కి జారుతుంది, పైకి మాత్రం కలిసినట్టే కనిపిస్తుంది. కరెంటు అంచు మీదే పారుతుంది, సాయంత్రానికి ప్లాస్టిక్ కరుగుతుంది. పవర్‌పోల్ కాలిపోయిందని వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఇదే.

6. ఎరుపు, నలుపు ఒళ్లు రెండింటినీ పక్కనున్న గాడిలో జార్చి జత చేయండి. మధ్య రంధ్రంలో 2.4 మిల్లీమీటర్ల రోల్ పిన్ను పెడితే విడిపోవు. పొడుగు పిన్ను దూర్చొద్దు, అది కాంటాక్టును తోస్తుంది.

7. బ్యాటరీకి కలిపే ముందు రెండు భాగాలనూ ఎదురెదురుగా పెట్టి, మల్టీమీటరుతో ప్లస్‌కు ప్లస్ తగులుతోందా చూడండి. తారుమారైతే కంట్రోలర్ ఒక్క క్షణంలో పోతుంది.

ఫ్యూజ్, స్పార్క్

ఊడే కనెక్టర్ ఫ్యూజ్ పని చేయదు. ప్యాక్ నుంచి 15 సెంటీమీటర్ల లోపు ప్లస్ వైరులో ఫ్యూజ్ ఉండాలి. ఇక్కడ ఒక మోసం ఉంది. కార్లలో వాడే మామూలు బ్లేడు ఫ్యూజ్ 32 వోల్టులది. 48 వోల్టుల ప్యాక్ మీద అది కాలినా లోపల మంట ఆగకపోవచ్చు. 58 వోల్టుల రకం అడగండి, అది 13 సెల్స్ వరుసలో ఉన్న 48 వోల్టుల ప్యాక్ దాకా చాలు. 52 వోల్టుల ప్యాక్ నిండితే 58.8 కాబట్టి దానికి ఇంకా పై రేటింగు కావాలి.

కలిపేటప్పుడు వచ్చే స్పార్క్ కంట్రోలర్ కెపాసిటర్లు ఒక్కసారిగా నిండటం వల్ల. డిస్‌ప్లే ఆపితే అది పోదు, చాలా కంట్రోలర్లలో కెపాసిటర్లు తాళంతో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీ వైర్ల మీదే ఉంటాయి. పవర్‌పోల్ కొంత తట్టుకుంటుంది కానీ రోజుకు ఐదారుసార్లు తీసి పెట్టేవాళ్లు, కెపాసిటర్లను ముందే మెల్లగా నింపే ప్రీఛార్జ్ బటన్ ఒకటి పెట్టుకోవాలి. 100 ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టరు, దానికి వరుసలో ఒక పుష్ బటన్. రెండింటినీ కలిపి బ్యాటరీ ప్లస్ నుంచి కంట్రోలర్ ప్లస్‌కు వేస్తే, 54.6 వోల్టుల దగ్గర కరెంటు అర ఆంపియరు పైచిలుకే. వెయ్యి మైక్రోఫారడ్లు నిండటానికి అర సెకను చాలు. ఒక సెకను నొక్కి వదిలి, అప్పుడు పెద్ద కనెక్టర్ కలపండి. డిస్‌ప్లే మాత్రం ఆపి ఉంచాలి. ఈ బటన్ వైరు కూడా లాగితే ఊడేదే కావాలని మరవొద్దు, లేకపోతే సంచి జారినప్పుడు దాన్ని పట్టుకుని వేలాడుతుంది. బీఎంఎస్ సమాచారపు వైర్లు, తాళం వైరు ఉన్న ప్యాకులకూ ఇదే సూత్రం.

ఎలా కట్టాలి

కనెక్టర్‌కి రెండు వైపులా, 6 నుంచి 8 సెంటీమీటర్ల దూరంలో, ఒక వైరు ఫ్రేముకి, రెండోది సంచి పట్టీకి గట్టిగా కట్టండి. లాగుడు కనెక్టర్ దాకా వచ్చి ఆగాలి, దాన్ని దాటి టంకం దాకా వెళ్లకూడదు. కట్టిన రెండు చోట్ల మధ్య వైరులో కొంచెమే వదులు ఉంచండి. ఎక్కువైతే చువ్వల్లోకి వేలాడుతుంది. సంచి ఎటు జారుతుందో అటే కనెక్టర్ పొడుగు ఉండాలి, అంటే క్యారియర్ మీద ముందు నుంచి వెనక్కి కాదు, పక్కకి.

బ్యాటరీ వైపు సగం ఊడాక కూడా ప్రాణంతోనే ఉంటుంది. ఆ సగం పొట్టిగా, చువ్వలకు అందనంతలో ఉండాలి. దానికి మూతగా ఒక ఖాళీ ఒళ్ల జతను దారంతో కట్టి ఉంచండి. మేల్, ఫీమేల్ తేడా లేదు కాబట్టి అది సరిగ్గా మూతలా కూర్చుంటుంది. బ్యాగులో తాళాలతో పాటు వేసుకునే బ్యాటరీ అయితే మూత లేకుండా వద్దు.

ఛార్జింగ్ తీగ

నిజం చెప్పాలంటే, ఇంట్లో పిల్లలు కాలికి తగిలించుకుని ప్యాక్‌ని కిందపడేసే ఛార్జర్ తీగకే ఈ కనెక్టర్ ఎక్కువమందికి అవసరం. అక్కడ రెండు నుంచి ఐదు ఆంపియర్లే, 15 ఆంపియర్ల కాంటాక్టు ధారాళంగా చాలు, అయస్కాంతపు రకం కూడా నడుస్తుంది. అయితే కనెక్టర్ మార్చినంత మాత్రాన ఛార్జింగ్ భద్రమైపోదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలోనే ఇంట్లో ఛార్జింగులో ఉన్న స్కూటర్ బ్యాటరీ పేలి ఒకరు చనిపోయారు. దేశమంతటా అలాంటి ఘటనలు జరిగాకే బ్యాటరీ భద్రతా ప్రమాణం ఏఐఎస్-156 కఠినమై, 2022 డిసెంబరు 1 నుంచి ఒక దశ, 2023 మార్చి 31 నుంచి రెండో దశ అమల్లోకి వచ్చాయి. పడక గదిలో, నిద్రపోతూ ఛార్జింగ్ వద్దు.

బల్బులతో పరీక్ష

చక్రం గాల్లో లేపి తిప్పితే కరెంటు పెద్దగా పారదు, కనెక్టర్ సంగతి తెలియదు. నాలుగు 12 వోల్టుల, 55 వాట్ల కారు హెడ్‌లైట్ హాలోజన్ బల్బులు వరుసలో కలిపి, మీ కొత్త కనెక్టర్ ద్వారా ప్యాక్‌కు తగిలించండి. 48 వోల్టుల ప్యాక్ నిండుగా ఉంటే ఒక్కో బల్బుకు 13.6 వోల్టులు, అంటే బండిలో నడిచేంతే. ఐదు ఆంపియర్ల దాకా లాగుతాయి. 36 వోల్టులకైతే మూడు బల్బులు. ఇలాంటివి రెండు వరుసలు పక్కపక్కన వేస్తే దాదాపు పది ఆంపియర్లు. చల్లటి బల్బు మొదట్లో చాలా ఎక్కువ లాగుతుంది కాబట్టి రెండు వరుసలూ ఒకేసారి కాక ఒకదాని తర్వాత ఒకటి కలపండి, లేకపోతే బీఎంఎస్ కట్టేస్తుంది. బల్బులు నాపరాయి మీద పెట్టండి, ముట్టుకోవద్దు.

పది ఆంపియర్లు పారుతుండగా మల్టీమీటరును 200 మిల్లీవోల్టులకు తిప్పి, ఒక మొన ఈ వైపు క్రింపుకు, రెండోది ఆ వైపు క్రింపుకు ఆనించండి. ప్లస్‌కు వేరుగా, మైనస్‌కు వేరుగా. పది, పన్నెండు మిల్లీవోల్టులు వస్తే భేషు. పాతిక దాటితే ఆ జత మార్చేయండి. పాతిక అంటే రెండున్నర మిల్లీఓమ్‌లు, 25 ఆంపియర్ల దగ్గర ఆ చిన్న ముక్కలోనే ఒకటిన్నర వాట్ల వేడి. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు.

తర్వాత తెల్లవారుజామున, ఎండ లేనప్పుడు, కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కి దిగి కనెక్టర్‌ని పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉండొచ్చు. వేలు ఆనించి ఉంచలేకపోతే ఆపేయండి. ఒక వైపే వేడిగా ఉంటే ఆ వైపు క్రింపు పోయినట్టు.

వాన, వరద, దుమ్ము

పవర్‌పోల్‌కి నీటి రక్షణ లేదు. పక్కకి పెట్టినా నోరు కాస్త నేలవైపు వాలేలా, వైరు కనెక్టర్ కంటే కిందికి వంగి మళ్లీ పైకి వచ్చేలా కట్టండి, నీరు ఆ వంపు దగ్గర కారిపోతుంది. పాలిథిన్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేస్తే లోపల ఆవిరి పట్టి ఇంకా చెడుతుంది. మూడు నెలలకోసారి ఊడదీసి, ఎండిన బ్రష్షుతో దుమ్ము దులిపి, నాలుకల మీద డైఎలెక్ట్రిక్ (కరెంటు పారనివ్వని) గ్రీజు వేలికి అంటినంత పూయండి. చక్రం బేరింగు గ్రీజు వద్దు.

నీట మునిగిన కనెక్టర్ సంగతి వేరు. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్ నగర్ వైపు మునిగినట్టు బురద నీళ్లలో రోజుల తరబడి ఉంటే, కనెక్టర్ కడిగి వాడొద్దు. నీరు వైరు పోగుల మధ్య నుంచి తొడుగు లోపలికి పాకుతుంది. కనెక్టర్ కోసి పారేసి, లోపల నల్లగా, పచ్చగా ఉన్న రాగి పోయి మెరిసే రాగి కనిపించేదాకా అంగుళం అంగుళం కత్తిరించుకుంటూ రండి. మునిగింది ప్యాకే అయితే ఆరబెట్టి ఛార్జింగ్ పెట్టే ప్రయత్నం చేయొద్దు. ఇంటి బయట, మండేవాటికి దూరంగా ఉంచి, అమ్మినవాళ్లకో ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకో అప్పగించండి.